కంటి కింది ఎముక

తుపాను దాటిపోయిన మర్నాడు పొద్దున్నే లోవరాజు అమ్మాజీని మొగలిపొదల్లో చూశాడు. ఆమె బతికే ఉందని తెలియగానే అతనికి కలిగింది సంతోషం కాదు, భయం. ఎవరూ చూడకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోతే బాగుండునని ఒక్క నిమిషం అనిపించింది. అంతలో ఆమె మూలిగింది. ఆ మూలుగు విని కూడా వెళ్ళిపోగలిగేంత చెడ్డవాడు కాడు లోవరాజు. రాత్రి చేసిన పని తప్ప, బుద్ధెరిగాక అతను ఎవరికీ ఏ అపకారమూ చేసినవాడు కాడు.

కాట్రేనికోన నుంచి సముద్రం వైపు పోగా పోగా వచ్చే ఆఖరి ఊళ్ళలో మొగలిదిబ్బ ఒకటి. అరవై గడప. మగాళ్ళలో సగం మంది మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉంటారు. మిగతావాళ్ళు చేపల చెరువుల మీదో కొబ్బరితోటల్లోనో పనిచేస్తారు. లోవరాజు కొబ్బరికాయల దింపు తీసేవాడు. ఇరవై ఆరేళ్ళ మనిషి, ఒంట్లో కొవ్వన్నది లేకుండా, రోజుకి నలభై యాభై చెట్లు ఎక్కి దిగేవాడు. పక్కింటి అయ్యప్పని చిన్నప్పటినుంచీ అన్నయ్యా అని పిలిచేవాడు. అయ్యప్ప మస్కట్‌లో తాపీపని చేస్తున్నాడు, వెళ్ళి మూడేళ్ళయింది. ఇంట్లో అతని భార్య అమ్మాజీ, తల్లి వీరాయమ్మ. పిల్లలింకా లేరు. వీరాయమ్మ పీలగా ఉండే మనిషేగానీ గొంతు మాత్రం ఊరి చివర చెరువు గట్టుదాకా వినపడేది. కోడల్ని రోజంతా తిట్టేది, సాయంత్రం అయ్యేసరికి తలకి నూనె రాసి జడ వేసేది.

తొంభై ఆరు నవంబరు అది. దీపావళికి ఇంకా నాలుగు రోజులుంది. లోవరాజు పెళ్ళాం పుష్పలత పండక్కని ఆలమూరులో పుట్టింటికి వెళ్ళింది. రేడియోలో హెచ్చరికలు చెప్తూనే ఉన్నారుగానీ, ఏటా చెప్పేదేగా అని ఎవరూ కదల్లేదు. దీపాలు పెట్టే వేళకి గాలి అందుకుంది. ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. ఆ తరవాత నీళ్ళొచ్చాయి. కెరటంలా రాలేదు, నేల ఉబ్బినట్టు వచ్చాయి. మోకాళ్ళలోతు అనుకునేలోపు నడుములోతు, నడుములోతు అనుకునేలోపు గుండెలోతు.

లోవరాజు ఇంటి వెనక ఒక పొట్టి కొబ్బరిచెట్టు ఉండేది. గాలికి ఎత్తయిన చెట్లు పుల్లల్లా విరుగుతుంటే అతను దాన్ని పట్టుకున్నాడు. కాళ్ళకి తాడు కూడా లేకుండా ఎక్కడం మొదలుపెట్టాడు. నిలువెత్తు ఎక్కాడో లేదో, కుడికాలి చీలమండకి ఏదో చుట్టుకుంది. పామనుకున్నాడు. కాదు, వేళ్ళు. ఆ బరువుకి మూరెడు కిందకి జారిపోయాడు. మెరుపు మెరిసింది. కింద, నీళ్ళమీద, పైకెత్తిన ముఖం. అమ్మాజీ. ఏదో అనబోతోంది, నోట్లోకి నీళ్ళు పోతున్నాయి. లోవరాజు ఎడంకాలు ఎత్తి ఆ ముఖం మీద తన్నాడు.

ఎవరో తెలియక తన్నానని తరవాత తనకి తాను చెప్పుకోవాలని చాలాసార్లు చూశాడు. కుదరలేదు. మెరుపు మెరిసిందీ ముఖం కనపడిందీ తన్నక ముందే. మడమ మెత్తగా దేనికో ఆనింది. వేళ్ళు విడిపోయాయి. అతను చెట్టు మొవ్వు దగ్గరికి పాకి, మట్టల్లో తల దూర్చి, తెల్లారేదాకా కళ్ళు తెరవలేదు.

ఇప్పుడు మొగలిపొదల ముళ్ళమధ్య ఆమె అతన్ని చూస్తోంది. ఒక్క కంటితోనే చూస్తోంది. ఎడమ కన్ను వంకాయలా కమిలి మూసుకుపోయింది.

"వదినా, ఏం తగిలింది?" అన్నాడు లోవరాజు. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు.

అమ్మాజీ ముళ్ళలోంచి చెయ్యి విడిపించుకుంది. తరవాత, "కొబ్బరికాయ. ఎగిరొచ్చి తగిలింది" అంది. ఇంకాసేపటికి, "నా చేతిలోంచి అత్తయ్య జారిపోయింది, ఎక్కడన్నా కనపడిందా?" అని అడిగింది.

వీరాయమ్మ మూడోనాడు కనపడింది. మురుగుకాలవ గట్టున, విరిగిపడ్డ చెట్ల కింద. 

కాట్రేనికోన బడిలో పునరావాస శిబిరం పెట్టారు. అమ్మాజీని లోవరాజే వీపుమీద వేసుకుని అక్కడిదాకా మోసుకెళ్ళాడు. భోజనం పొట్లాలు తెచ్చిపెట్టాడు, నీళ్ళు తెచ్చిపెట్టాడు, వీరాయమ్మకి కొరివి కూడా తనే పెట్టాడు. "సొంత తమ్ముడైనా ఇలా చూడడమ్మా, అదృష్టవంతురాలివి" అని శిబిరంలో ఆడవాళ్ళు అమ్మాజీతో అంటుంటే అతను లేచి బయటికి పోయేవాడు. శిబిరం డాక్టరు కంట్లో చుక్కలు వేసి, వాపు అదే తగ్గుతుందన్నాడు. వాపు తగ్గింది. తగ్గాకనే అసలు సంగతి బయటపడింది.

ఆమె ఎడమ కన్ను లోపలికి దిగిపోయింది. రెండో కంటికన్నా కిందకి, లోతుకి, గుంటలో పడ్డట్టు. కిందకి చూసినంతసేపూ ఫరవాలేదు, తలెత్తి చూస్తే ప్రతిదీ రెండుగా కనపడుతోంది. ఎడమ చెంప మొద్దుబారిపోయింది. ఈగ వాలినా తెలియదు. పైపళ్ళు తనవి కానట్టున్నాయంది.

ఊళ్ళో మాట పుట్టడానికి ఎంతసేపు? దారులు బాగయ్యాక నెలరోజులకి పుష్పలత ఆలమూరు నుంచి వచ్చింది, వచ్చిన నాలుగు రోజులకే ఆ మాట మొగుడి చెవిన వేసింది.

"అందరూ ఏవనుకుంటున్నారో తెలుసా? వీరాయమ్మగారు కోడలి కంట్లో దూరిందంట. అందుకే ఆ కన్ను లోపలికి లాగేసుకుంటోందంట. చూపు చూసేవా నువ్వు? ఒక కన్ను మనల్ని చూస్తుంటే ఇంకోటి ఎవర్నో చూస్తుంటది. బలుసుతిప్ప వైపు ఎవరో దయ్యం వదిలిస్తాడంట, తీసుకెళ్దామంటున్నారు."

"దయ్యమూ లేదు ఏమీ లేదు" అన్నాడు లోవరాజు.

"నీకెలా తెలుసు?"

ఎలా తెలుసో చెప్పలేడు. ఆ ఊళ్ళో అందరికీ దయ్యం కనపడుతోంది, అతనొక్కడికే తన మడమ కనపడుతోంది. దయ్యం వదిలించేవాడు ఆమెను వేపమండలతో కొట్టడం ఊహించుకున్నాడు. తను చేసినదానికి ఆమె మళ్ళీ దెబ్బలు తినడమా? మర్నాడే ఆమెను కాకినాడ తీసుకెళ్తానన్నాడు.

అతనికి ఇంకో బాధ కూడా మొదలైంది, అది పుష్పలతకి కూడా చెప్పలేదు. తుపానుకి మిగిలిన చెట్లనుంచి కాయలు దింపమని ఒక రైతు పిలిస్తే వెళ్ళాడు. చెట్టు ఎక్కడం మొదలుపెట్టాడు. నిలువెత్తుకి వెళ్ళగానే కుడి చీలమండని ఎవరో పట్టుకున్నారు. అయిదు వేళ్ళూ విడివిడిగా తెలిశాయి. చల్లగా ఉన్నాయి. కిందకి చూశాడు. గడ్డిలో రైతు ఒక్కడే నిలబడి, "ఏంరా ఆగిపోయేవు?" అంటున్నాడు. లోవరాజు జారి దిగిపోయాడు. కడుపులో నొప్పిగా ఉందని చెప్పి ఇంటికొచ్చేసి, బావి దగ్గర కూర్చుని కాలు కడుక్కున్నాడు, చాలాసేపు.

ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి యానాంలో దిగి, అక్కడినుంచి బస్సులో కాకినాడ చేరారు. పంటుమీద అమ్మాజీ కొంగు ఎడమ కంటిమీదకి లాక్కుని నీళ్ళనే చూస్తూ కూర్చుంది. లోవరాజు ఆమెకి ఎడమపక్కన కూర్చున్నాడు, ఆ కన్ను తనని చూడకుండా. కానీ గాలికి కొంగు లేచినప్పుడల్లా చూస్తూనే ఉంది.

ఆసుపత్రిలో కంటి డాక్టరు పేరు సోమేశ్వరరావుగారు. యాభై దాటిన మనిషి, మాట నెమ్మది. ఎక్స్‌రే తీయించి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూశారు.

"కంటి గుంటకి అడుగున ఉండే ఎముక కోడిగుడ్డు పెంకంత పల్చగా ఉంటుందమ్మా. దాని కింద చెంపలో గాలి నిండిన గది ఒకటి ఉంటుంది. ముందునుంచి గట్టి దెబ్బ తగిలితే, కంటిగుడ్డు పగిలిపోకుండా ఆ పెంకే కిందకి విరిగిపోతుంది. నీకదే జరిగింది. గుడ్డు దక్కింది, అడుగు పోయింది. కంటి చుట్టూ ఉండే కొవ్వూ, కంటిని తిప్పే కండా ఆ కంతలోంచి జారి అక్కడ ఇరుక్కుపోయాయి. అందుకే పైకి చూస్తే ఒక కన్ను వెళ్తోంది, ఇంకోటి వెళ్ళడంలేదు. చెంపకి వెళ్ళే నరం కూడా నలిగింది. ఇదిగో, చూసేరా?"

ఎక్స్‌రేలో చెంప గది నల్లగా ఉంది. దాని పైకప్పునుంచి తెల్లగా ఒక బొట్టు వేలాడుతోంది, రాలబోతూ ఆగిపోయిన కన్నీటి బొట్టులాగా. లోవరాజు దాన్ని చూసి తల తిప్పుకున్నాడు.

"ఏం తగిలిందన్నావు?"

"కొబ్బరికాయండి" అంది అమ్మాజీ.

డాక్టరుగారు మళ్ళీ ఆ ఫిల్ము చూశారు. "ఆ గాలిలో కొబ్బరికాయ వచ్చి తగిలితే కంటి చుట్టూ ఉండే అంచు ఎముక నుజ్జవుతుంది. చర్మం చీలుతుంది. అంచు బాగానే ఉంది. ఇది కాస్త మెత్తగా, గుండ్రంగా ఉన్నదేదో తగిలిన దెబ్బ. బంతి, పిడికిలి, మనిషి మడమ, అలాంటిది." ఆయన కళ్ళద్దాలు సర్దుకుని లోవరాజు వైపు తిరిగారు. "ఈయన నీకేమవుతాడమ్మా?"

  ఆయన ఇంకొక్క ప్రశ్న వేస్తే నేనేనండి అని లోవరాజు చెప్పేసేవాడు. చెప్పేస్తే పోయేది కూడా.

"మరిదండి. మా ఆయన మస్కట్‌లో ఉన్నారు. నన్ను పొదల్లోంచి తీసుకొచ్చిందీ, ఇక్కడిదాకా తెచ్చిందీ ఈయనేనండి. లేత బొండం అయ్యుంటుందండి, తగిలింది" అంది అమ్మాజీ.

డాక్టరుగారు ఫిల్ము పక్కన పెట్టారు. కంట్లో మత్తుచుక్కలు వేసి, సన్నటి పట్టుకారుతో కంటి తెల్లగుడ్డుని పట్టుకుని పైకి లాగి చూశారు. కన్ను కదల్లేదు. ఇంకొంచెం లాగారు.

"ఊహూఁ, రావట్లేదు. కిందనుంచి ఎవరో గట్టిగా పట్టుకున్నట్టుంది" అన్నారు.

లోవరాజు గదిలోంచి బయటికి వచ్చేశాడు. వరండాలో గోడకి ఆనుకుని నిలబడి కుడికాలు ఎడంకాలితో రుద్దుకున్నాడు.

ఆపరేషను చెయ్యాలన్నారు. దెబ్బ తగిలిన రెండువారాల్లో వచ్చుంటే బాగుండేదట. ఇప్పటికే నెల దాటింది, లోపల అతుక్కుపోయి ఉంటుందట. తుంటి ఎముకనుంచి చిన్న పలక తీసి, కింది రెప్ప దగ్గర కోసి, జారిపోయినదంతా పైకి ఎత్తి, ఆ పలకని కంటికి అడుగున పరుస్తారట. చూపుకి కొంచెం ప్రమాదం కూడా ఉందన్నారు. అయినవాళ్ళు ఎవరైనా సంతకం పెట్టాలి.

ఫోను బూత్ నుంచి మస్కట్‌కి మాట్లాడాడు లోవరాజు. అవతల అయ్యప్ప ఏడుస్తున్నాడు. వీసా కాగితాలు కంపెనీ దగ్గర ఉన్నాయట, తల్లి చివరిచూపుకే రానివ్వలేదట. "సంతకం నువ్వే పెట్టెయ్ తమ్ముడూ. నువ్వుండబట్టి ఆ ఒక్క మనిషైనా మిగిలింది నాకు" అన్నాడు. లోవరాజు ఫోను పెట్టేశాక కూడా ఆ గాజుపెట్టెలోనే నిలబడిపోయాడు. బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు కొట్టేదాకా.

సంబంధం అని ఉన్నచోట మరిది అని రాయించి, కింద సంతకం పెట్టాడు.

ఆపరేషను పొద్దున్న మొదలై మధ్యాహ్నానికి అయింది. పలక బాగా కూర్చుందన్నారు డాక్టరుగారు. అయితే లోపల రక్తం చేరితే చూపు పోతుంది, గంటకి రెండుసార్లు చూపు చూడాలి. వార్డులో సిస్టరు ఒక్కతే, మంచాలు ముప్ఫై. తుపాను దెబ్బలవాళ్ళు ఇంకా నేలమీద కూడా పడుకుని ఉన్నారు. సిస్టరు లోవరాజుకి నేర్పింది. కట్టు కొస ఇలా ఎత్తాలి, వేళ్ళు చూపించాలి, ఎన్నని అడగాలి, తప్పు చెప్తే వెంటనే కేకెయ్యాలి.

అలా ఆ మధ్యాహ్నమంతా అతను ఆ కంటి ముందు వేళ్ళు పెట్టి కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగిన కన్ను అది. రెప్ప వాచి, కుట్లతో, సందులోంచి నల్లగుడ్డు కదిలేది.

"ఎన్ని వదినా?"

"రెండు."

"ఇప్పుడు?"

"అయిదు. చెయ్యి వణక్కుండా పెట్టు."

ముక్కు చీదకూడదని గట్టిగా చెప్పారు. చీదితే చెంప గదిలోని గాలి కంట్లోకి తంతుంది. రెండోనాడు సాయంత్రం అమ్మాజీకి అత్తగారు గుర్తొచ్చింది. పక్క మంచం ముసలమ్మకి కోడలు తల దువ్వుతోంది, అది చూసింది. కళ్ళు నిండాయి. ముక్కు కారుతుంటే చీదడానికి లేదు, చేత్తో తుడుచుకుంటూ, నోటితో గాలి పీల్చుకుంటూ, చప్పుడు లేకుండా ఏడ్చింది. లోవరాజు గుడ్డ ఇచ్చి పక్కన కూర్చున్నాడు.

ఎనిమిదో రోజు డాక్టరుగారు కట్టు పూర్తిగా విప్పించారు. టార్చి పట్టుకుని పక్కలకీ పైకీ కిందకీ చూపించారు. దూరం చూపు కూడా చూడాలన్నారు. "ఏమయ్యా, ఆ బల్ల ఎక్కి నిలబడు. అమ్మా, తల కదపకు. కళ్ళు మాత్రం పైకెత్తి ఆయన ముఖం చూడు."

లోవరాజు బల్ల ఎక్కాడు. కిందనుంచి అమ్మాజీ ముఖం పైకెత్తి అతన్ని చూసింది. రెండు కళ్ళూ తెరుచుకుని ఉన్నాయి. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆ రాత్రి నీళ్ళమీద చూసిన ముఖమే అది, అలాగే ఉంది.

"ఎంతమంది?" అన్నారు డాక్టరుగారు.

"ఒక్కడేనండి."

"ఇంకా పైకి?"

"బాగా పైకెత్తితే అంచులో కొంచెం రెండవుతున్నాడండి."

"అది ఉంటుంది. ఆలస్యంగా వచ్చేరు కదా. నెమ్మదిగా తగ్గొచ్చు, కొంత ఉండిపోవచ్చు కూడా. చెంప మొద్దు కూడా అంతే" అని చెప్పి ఆయన పక్క మంచానికి, అక్కడినుంచి వార్డు చివరికి వెళ్ళిపోయారు.

లోవరాజు బల్ల దిగలేకపోయాడు. దానిమీదే చతికిలబడ్డాడు. 

"వదినా. అది కొబ్బరికాయ కాదు."

"తెలుసు."

"నేనే..."

"మెరుపు నీకొక్కడికే మెరిసిందా లోవరాజూ?"

ఆమె గొంతులో కోపం లేదు. లోవరాజు తల ఎత్తలేదు. ఇన్ని రోజులూ ఆమె తెలిసే తన చేతి అన్నం తింది. తెలిసే తన వీపుమీద ఎక్కింది, తను వేళ్ళు చూపిస్తే లెక్కపెట్టి చెప్పింది.

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు చివరికి.

"చెప్తే ఊరుకుంటారా? ఎలా పట్టుకున్నావు, ఏ చేత్తో పట్టుకున్నావు అని అడుగుతారు. రెండు చేతుల్తో పట్టుకున్నానని చెప్పాలి."

అతనికి అర్థం కాలేదు.

"ఇంట్లోంచి అత్తయ్య మణికట్టు పట్టుకుని లాక్కొచ్చేను. నీటికి నిలవలేకపోతోంది, నన్నే పట్టుకుని వేలాడుతోంది. నీ కాలు దొరికింది. ఒక చేత్తో పట్టుకుంటే ఆగలేదు. అప్పుడు ఆవిడని వదిలేను. జారిపోయిందని అందరితో చెప్పేను కదా. జారిపోలేదు, నేనే వదిలేను. ఆవిడ నా చిటికెనవేలు వదలకుండా పట్టుకుంది. దాన్ని కూడా విదిలించుకున్నాను. ఆ తరవాతే నువ్వు తన్నేవు." ఆమె గోడకేసి చూసింది. "నిన్నేమని తిట్టను చెప్పు. నువ్వు చేసింది నేను అంతకుముందే చేసేను."

వార్డులో ఎవరో దగ్గారు. అటునుంచి సిస్టరు ఎవరినో కేకలేస్తోంది. లోవరాజుకి తేలికవుతుందనుకున్న గుండె ఇంకా బరువెక్కింది. తన పాపం ఒకటే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. వీరాయమ్మని వదిలి మరీ తన కాలు పట్టుకున్న మనిషినే తను తన్నాడు. 

"అత్తయ్య వస్తోంది" అంది అమ్మాజీ, చాలా మెల్లగా. "మధ్యాహ్నాలు. శిబిరంలో ఉన్నప్పుడూ వచ్చేది, ఇక్కడికీ వచ్చింది. తడి బట్టలతో నా కాళ్ళ దగ్గర కూర్చుంటుంది. తిట్టదు. తిడితే బాగుండును."

ఆ తరవాత వాళ్ళిద్దరూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఊరికి తిరిగొచ్చారు. అమ్మాజీ కన్ను చూసి, వీరాయమ్మ వదిలిపోయిందని ఊరంతా సంతోషించింది. రెప్ప కింద సన్నటి గీత తప్ప ఏ గుర్తూ లేదు. అయ్యప్ప ఏడాది తరవాత సెలవుమీద వచ్చి, నెలరోజులుండి, మళ్ళీ వెళ్ళాడు. ఒక ఆడపిల్ల పుట్టింది.

లోవరాజు మళ్ళీ చెట్టెక్కలేదు. ప్రయత్నించకపోలేదు. పాదాలు నేల వదిలి నిలువెత్తు లేచేసరికి ఆ వేళ్ళు వచ్చేవి. తుపాను తరవాత చెట్టు చూస్తే భయపడేవాళ్ళు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు కాబట్టి ఎవరూ వింతగా అనుకోలేదు. ముమ్మిడివరం దగ్గర ఒక కొబ్బరి కొట్టులో కాయలు వలిచే పనికి కుదిరాడు. నేలలో పాతిన ఇనపగునపం ముందు పొద్దుటినుంచి సాయంత్రందాకా నిలబడి వలిచేవాడు. రెండు కాళ్ళూ నేలమీద ఉండే పని.

ఎదుర్లంక దగ్గర గోదావరిమీద వంతెన తెరిచిన ఏడాది అయ్యప్ప మస్కట్ వదిలేసి పూర్తిగా వచ్చేశాడు. నడుం దెబ్బతింది, జుట్టు సగం నెరిసింది. వచ్చిన నెలకి లోవరాజుని భోజనానికి పిలిచాడు. తిన్నాక ఇద్దరూ అరుగుమీద కూర్చున్నారు. అమ్మాజీ లోపల గుమ్మం పక్కన కూర్చుని పిల్లకి అన్నం కలిపి పెడుతోంది.

"తమ్ముడూ, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు" అన్నాడు అయ్యప్ప. "అయిదారేళ్ళనుంచి నన్ను తినేస్తోంది. మా అమ్మ చివర్లో ఎవరి దగ్గరుంది? దీన్ని అడిగితే జారిపోయింది అంటది, ఇంకో మాట చెప్పదు. మళ్ళీ అడిగితే ఏడుస్తది. ఒక్కత్తే పోయిందా, ఎవరన్నా పట్టుకుని ఉన్నారా? నాకదొక్కటీ తెలిస్తే చాలు."

గుమ్మం లోపల ముద్ద కలిపే చెయ్యి ఆగింది. 

లోవరాజు అటు చూడలేదు. "నేను పట్టుకున్నాను అన్నయ్యా" అన్నాడు.

"నువ్వా?"

"ఆయ్. పెద్దమ్మ చెయ్యి నా చేతిలోనే ఉంది. చెట్టు ఎక్కుతూ ఒక చేత్తో పట్టుకున్నాను. నీళ్ళు లాగేసేయి. నా చేతిలోంచే జారిపోయింది. ఇన్నేళ్ళూ నీకు చెప్పలేకపోయేను."

అయ్యప్ప తిడతాడని, కొడతాడని ఎదురుచూశాడు లోవరాజు. అయ్యప్ప కొట్టలేదు. లోవరాజు కుడిచెయ్యి తీసుకుని, రెండు చేతుల మధ్య పెట్టుకుని, కళ్ళకి అద్దుకున్నాడు. "పట్టుకున్నావు కదరా. అది చాలు. మా అమ్మ ఒంటరిగా పోలేదు" అని పెద్దగా ఏడ్చాడు. ఆ ఏడుపు విని చుట్టుపక్కలవాళ్ళు కూడా వచ్చారు. లోవరాజు చెయ్యి వెనక్కి తీసుకోవడానికి ధైర్యం చాలక అలాగే ఉండిపోయాడు.

మూడువారాల తరవాత ఒక మధ్యాహ్నం అమ్మాజీ ఆ కొబ్బరి కొట్టుకి వచ్చింది. పిల్లకి మందులు కొనడానికి ముమ్మిడివరం వచ్చానంది. మిగతావాళ్ళు అన్నాలకి వెళ్ళారు. లోవరాజు ఒక్కడూ పీచు కుప్ప పక్కన నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. 

"ఆయన ఇప్పుడు రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు" అంది అమ్మాజీ. "నువ్వు చెప్పింది పట్టుకుని హాయిగా నిద్రపోతున్నాడు. నిజం చెప్దామని రెండుసార్లు నోరు తెరిచేను. నావల్ల కాలేదు."

"చెప్పకు వదినా."

"అది సరేగానీ, ఇన్నేళ్ళూ వచ్చిన అత్తయ్య రావడం మానేసింది లోవరాజూ. నువ్వు ఆ మాట చెప్పిన రోజునుంచి. పెరటి గుమ్మంలోకి రోజూ చూస్తున్నాను. రావట్లేదు."

 గునపం మీద సగం వలిచిన కాయ అలాగే ఉంది.

"నీ దగ్గరకొస్తోందా?"

"ఆయ్."

"ఇక్కడికా?"

"ఇక్కడికే. ఈ వేళప్పుడే. ముందు నమ్మలేదు నేను. నా చెయ్యి చూస్తూ ఉంటది."

అమ్మాజీ కొట్టు లోపలికి, పీచు కుప్పల మధ్యకి చూసింది. ఆమెకి ఎవరూ కనపడలేదు. కాస్త తలెత్తి దూలాలవైపు కూడా చూసింది. అక్కడ ఆ కంటికి అన్నీ రెండుగా ఉంటాయి, అందుకని వెంటనే దించేసింది.

"కూర్చుంటోందా?"

"లేదు వదినా. నిలబడే ఉంటది. వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా."

"అయ్యో" అంది అమ్మాజీ.  "నిలబెట్టకు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఎక్కువసేపు నిలబడలేదు. పీట వెయ్యి."

ఆమె బస్సు వస్తుందని వెళ్ళిపోయింది. మర్నాడు లోవరాజు ఇంటినుంచి ఒక పీట తెచ్చి, గునపానికి కాస్త ఎడంగా, ఎండ పడనిచోట వేశాడు. ఎవరో పనివాడు దానిమీద కూర్చోబోతే వద్దన్నాడు. ఎవరికిరా అది అని అడిగారు. పెద్దావిడకి అని చెప్పి మళ్ళీ కాయలు వలుచుకున్నాడు.